ఆలస్యానికి పరిహారం: టికెట్ కొనేముందే చూడాల్సినవి

సంపాదకులకు,

శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా యూరప్ విహారానికి వెళ్లే జంటలు విమానం ఆలస్యమైతే ఉసూరుమంటూ ఊరుకుంటున్నారు. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ప్రకారం 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో గమ్యానికి 4 గంటలకు మించి ఆలస్యంగా చేరితే మనిషికి 600 యూరోల పరిహారం. మెలికేమిటంటే, వెళ్లేటప్పుడు విమానం నడిపేది యూనియన్ దేశాల సంస్థ అయితేనే ఇది వర్తిస్తుంది. అక్కడి నుంచి బయల్దేరేటప్పుడు ఏ సంస్థదైనా సరే. తుపాను లాంటి కారణాలకు డబ్బు రాదు గానీ, వేచి ఉన్నంతసేపూ భోజనం, రాత్రయితే హోటల్ ఇవ్వాల్సిందే. అడగనిదే ఎవరూ చెప్పరు!

చౌకగా వస్తున్నాయని రెండు విమానాలకు విడివిడిగా టికెట్లు కొనకండి. రెండూ ఒకే పీఎన్‌ఆర్‌ (బుకింగ్ నంబరు)పై ఉంటేనే తప్పిపోయిన రెండో విమానానికి బదులు చూపిస్తారు. లేకపోతే మళ్లీ కొనుక్కోవాలి.

పెట్టె రాకపోతే బెల్టు దాటి బయటికి రాకముందే విమాన సంస్థ కౌంటర్లో పీఐఆర్ (సామాను అందలేదని రాసిచ్చే పత్రం) రాయించాలి. చెక్-ఇన్‌లో ఇచ్చిన ట్యాగ్ ముక్కను పారేయకూడదు, పెట్టె జాడ ఆ నంబరుతోనే తీస్తారు. అత్యవసరంగా కొన్న బట్టల రసీదులు దాచి, పెట్టె చేతికందిన 21 రోజుల్లోగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పగిలిన పెట్టెకైతే గడువు 7 రోజులే.

— ఒక పాఠకుడు, హైదరాబాద్