గెలిచాక కూడా ఆగని ఆట

గౌరవనీయులైన సంపాదకులకు,

కంప్యూటర్ ఆటల గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎక్కువగా రెండు దారుల్లో నడుస్తాయి. అవి పిల్లల చదువును చెడగొడుతున్నాయనేది ఒక దారి, కొత్త ఆటలో బొమ్మలు ఎంత సహజంగా ఉన్నాయనేది మరో దారి. ఆడే మనిషి ఏ నిర్ణయం దగ్గర తడబడతాడో, ఎక్కడ విసుగెత్తి లేచిపోతాడో రాసేవారు అరుదు. చాలా ఏళ్లుగా ఆడుతున్న ఒక పాత ఆట గురించి ఆ పని చేద్దామనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఆట హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3. న్యూ వరల్డ్ కంప్యూటింగ్ తయారు చేయగా త్రీడీవో సంస్థ 1999లో విడుదల చేసింది. కోటలు పెంచుకుని, సైన్యం కూర్చి, శత్రువు కోటలన్నీ పట్టుకోవడం ఇందులో లక్ష్యం. వంతులవారీగా సాగే ఆట కాబట్టి ఇందులో చేతివేగంతో పని లేదు. ఒక వంతు అంటే ఒక రోజు, ఏడు రోజులు ఒక వారం, నాలుగు వారాలు ఒక నెల. మాయలు, డ్రాగన్లు, అస్థిపంజరాల సైన్యాలు ఉన్న మాట నిజమే గానీ, దీని అసలు ఆకర్షణ ఆ క్యాలెండర్‌లో ఉందని నా అభిప్రాయం.

ఒక కోటలో రోజుకు ఒక్క కట్టడమే కట్టగలం. మొదట్లో కోట రోజుకు 500 బంగారు నాణేలు ఇస్తుంది. 2,500 పెట్టి టౌన్ హాల్ అనే కట్టడం కడితే ఆ రాబడి 1,000 అవుతుంది, అంటే పెట్టిన సొమ్ము అయిదు రోజులకు గానీ తిరిగి రాదు. మరోవైపు, సైన్యంలోకి తీసుకునే జీవులు ప్రతి వారం మొదటి రోజున కొత్తగా పుట్టుకొస్తాయి, కాబట్టి వాటి నివాసాన్ని వారం తిరిగేలోగా కట్టకపోతే ఆ విడత చేజారినట్టే. రాబడి ముందా, బలగం ముందా అన్న ఈ తర్జనభర్జన తొలి రెండు వారాలూ మనల్ని కదలనివ్వదు. దీనికి తోడు కలప, ఖనిజం, పాదరసం, గంధకం వంటి వాటిలో ఏదో ఒకటి ఎప్పుడూ తక్కువ పడుతూనే ఉంటుంది, దాని గని ముందు ఎవరో ఒకరు కాపలా ఉండనే ఉంటారు. వారం చివరికి వచ్చాక ‘రేపు కొత్త సైన్యం చూసి లేద్దాం’ అనుకోవడం, తీరా ఆ రేపు వచ్చాక దానితో ఒక్క యుద్ధమైనా చేసి లేద్దామనుకోవడం ఈ ఆట ఆడినవారందరికీ అనుభవమే.

యుద్ధాలలోనూ ఇలాంటి పొదుపే కనిపిస్తుంది. షట్కోణపు గడుల మైదానంలో ఒక్కో పక్షం గరిష్ఠంగా ఏడు దళాలను దింపుతుంది. దగ్గరికి వెళ్లి కొట్టిన దళానికి సాధారణంగా ఎదురుదెబ్బ తప్పదు, కానీ చాలా జీవులు ఒక రౌండులో ఒక్కసారే ఎదురు కొట్టగలవు. అందుచేత అనుభవం ఉన్న ఆటగాడు ఒకే ఒక్క బలహీనమైన జీవిని ముందుకు తోసి, ఆ దెబ్బ దానిమీద పడనిచ్చి, ఆ తర్వాత అసలు దళాన్ని పంపిస్తాడు. ఎన్నిసార్లు కొట్టినా తిరిగి కొట్టే రాయల్ గ్రిఫిన్లనే జీవుల దగ్గర ఈ పాచిక పారదు. సైన్యాన్ని నడిపించే నాయకుల్లో ఒకడైన సోల్‌మిర్ వేసే గొలుసు మెరుపు మంత్రం శత్రువును కొట్టాక పక్కనే ఉన్న మరో దళం మీదికి దూకుతుంది, ఆ పక్కనున్నది మన దళమైనా దానికి పట్టింపు లేదు. ఈ సంగతి నేను నా సొంత సైన్యాన్ని కాల్చుకుని గాని నేర్చుకోలేదు.

ఇక లోపాల విషయానికి వస్తే, అన్నింటికన్నా పెద్దది ఆట ముగియవలసిన చోట ముగియకపోవడం. ఒక నాయకుడు ఒక పెద్ద యుద్ధం గెలిస్తే అనుభవం, ఆయుధాలు, భూమి అన్నీ అతనివే అవుతాయి. ఓడినవాడికి తేరుకునే మార్గం దాదాపు ఉండదు. మూడో నెలలో ఎవరు గెలుస్తారో ఇద్దరికీ తెలిసిపోతుంది, అయినా ప్రతి మూలనున్న కోటనూ పట్టుకునేదాకా వంతులు నొక్కుతూనే ఉండాలి. అతి పెద్ద పటం 144 గడుల చతురస్రం, దానికింద పాతాళం కూడా ఉంటే వైశాల్యం రెట్టింపు. తొలి వారంలో ఒక్కొక్క అడుగుకూ విలువ కట్టిన ఆటే చివరికి వచ్చేసరికి ఊరికే నడిచే ఆట అవుతుంది.

ఈ నడకను తప్పించడానికి ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయం మరో చిక్కు తెచ్చిపెట్టింది. 2,500 నాణేలకు దొరికే చిన్న నాయకులను దారి పొడవునా నిలబెట్టి, సైన్యాన్ని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందిస్తూ ఒక్క రోజులోనే చాలా దూరం దాటిస్తారు. నియమాలకు విరుద్ధం కాదు గానీ, ఆటలోని ఒక్క రోజును పూర్తి చేయడానికే పదిహేను నిమిషాలు పడుతుంది. ఒకే కంప్యూటర్ ముందు వంతుకోసం కూర్చున్న మిత్రుడి మొహం చూడలేం. అభిమానులు తయారు చేసిన ఒక చేర్పులో అందరూ ఒకేసారి వంతు ఆడే సౌకర్యం కల్పించారు, అది అసలు ఆటలోనే ఉండవలసింది.

మాయల్లో సమతూకం కూడా కుదరలేదు. భూమి మంత్రవిద్యలో పైస్థాయికి చేరినవాడు టౌన్ పోర్టల్ అనే మంత్రంతో కోరుకున్న సొంత కోటకు వెళ్లిపోతాడు. అలాంటి మంత్రం ఒకరికి దొరికి, ఇంకొకరికి దొరకకపోతే అక్కడితో పోటీ ముగిసినట్టే, ఎందుకంటే మంత్రశాలలో ఏవి వస్తాయో చాలావరకు అదృష్టమే నిర్ణయిస్తుంది. నెక్రోపోలిస్ అనే పక్షపు నాయకులైతే గెలిచిన ప్రతి యుద్ధంలోనూ చచ్చినవారిలో కొంతమందిని అస్థిపంజరాలుగా లేపుకుంటారు, పైస్థాయిలో ఆ వాటా 30 శాతం. మిగతావాళ్ల సైన్యం యుద్ధంలో తరిగితే వీళ్లది పెరుగుతుంది. నాకు ఆ పక్షం అంటే ఇష్టమే, అయితే దాన్ని ఎంచుకున్నప్పుడల్లా కాస్త సిగ్గుగా ఉంటుంది.

కంప్యూటర్ ఎదురాటగాడి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అత్యంత కఠినమైన స్థాయిలో మనకు మొదట ఒక్క నాణెమూ ఇవ్వరు. అంటే ఆ కాఠిన్యంలో ఎక్కువ భాగం మన ఖజానా ఖాళీ కావడం వల్ల వచ్చిందే గాని, అవతలివాడి తెలివి పెరగడం వల్ల కాదు.

ఈ లోపాలన్నీ ఉన్నా, 2015లో వచ్చిన కొత్త రూపంలో బొమ్మలు మెరుగుపరిచారే తప్ప వీటి జోలికి పోలేదు, పైగా అందులో పాత విస్తరణలు, అంటే అసలు ఆటకు తర్వాత చేర్చిన అదనపు భాగాలు, రెండూ లేవు. కొత్తగా ఆడదలచినవారు ఆ విస్తరణలున్న పాత రూపాన్నే ఎంచుకుని, 36 గడుల చిన్న పటంతో మొదలుపెట్టడం మేలు. నేను మాత్రం పెద్ద పటాల మీద మోజు వదులుకోలేకపోయాను. సగంలో విడిచిపెట్టిన ఆటలు నా కంప్యూటర్‌లో పదకొండు ఉన్నాయి. అన్నింట్లోనూ గెలుపు నాదే, శత్రువు చివరి కోట ఏ మూలన దాక్కుందో మాత్రం వెతకలేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు