మా పిల్లల ఫిట్స్‌కు ఒక డైటీషియన్ కావాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర ఒక పల్లెటూరు. మా బాబుకు ఆరేళ్లు. ఏడాదిన్నర వయసు నుంచి వాడికి ఫిట్స్. మొదట్లో ఒళ్లంతా బిగుసుకుపోయేది. తర్వాత ఇంకో రకం మొదలైంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల ముందుకు వాల్చేసేవాడు. అన్నం తింటుంటే నుదురు వెళ్లి కంచం అంచుకు కొట్టుకునేది. వాడి ఎడమ కనుబొమ్మ మీద ఇప్పటికీ మూడు కుట్ల మచ్చ ఉంది. స్టీలు కంచం తీసేసి ప్లాస్టిక్ పళ్లెం పెట్టాను. ఒక్కో ఫిట్‌కు క్యాలెండర్ మీద ఒక్కో గీత గీసేదాన్ని. గడి చాలక నోటు పుస్తకం కొన్నాను.

తాళం చెవుల గుత్తి చేతిలో పెట్టమన్నారు. ఉల్లిపాయ వాసన చూపించమన్నారు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. పిల్లాడి మీద ప్రేమతో చెప్పినవాళ్లే, వాళ్లను ఏమీ అనను. మేం మందు మాత్రం ఒక్క పూట మానలేదు. ఒకటి పనిచేయకపోతే రెండోది, ఆ రెండింటి మీద మూడోది. అలా మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో మేం తిరిగిన చోట్ల, తిండితో చేసే వైద్యం ఒకటుందని మాకు ఒక్కరూ చెప్పలేదు. చివరికి విశాఖలో పిల్లల నరాల డాక్టరమ్మ ఒకావిడ చెప్పారు. నా బాధంతా ఆ మూడేళ్ల గురించే.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూర్ఛ ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మంది ఇలాంటివాళ్లే. మూడో మందు, నాలుగో మందు కలిపినా పూర్తిగా ఆగే అవకాశం తక్కువ. ఈ పిల్లల్లో చాలామందికి పనికొచ్చేది కీటోజెనిక్ డైట్. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయని పాత రోజుల నుంచీ తెలుసు. ఆ సమయంలో ఒళ్లు కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేసుకుంటుంది, మెదడు వాటితో నడుస్తుంది. పసివాళ్లను రోజుల తరబడి పస్తు పెట్టలేం కదా. అందుకని 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టరు రస్సెల్ వైల్డర్ ఒక దారి చెప్పారు: పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచితే, తింటూనే ఆ స్థితి తేవచ్చని. 1938లో ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు వచ్చాక ఈ తిండి వైద్యం వెనకబడింది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రి బృందం 145 మంది పిల్లలతో పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించింది. మూడు నెలలకు, ఈ తిండి తిన్నవాళ్లలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. మామూలు తిండి తిన్నవాళ్లలో 6 శాతం మందికే తగ్గాయి. మన ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు కాస్త సులువైన పద్ధతిని, మాడిఫైడ్ అట్కిన్స్ డైట్‌ను, 102 మంది పిల్లల మీద పరీక్షించి 2013లో ప్రచురించారు. అందులో ఈ తిండి తిన్నవాళ్లలో 52 శాతం మందికి సగానికి పైగా తగ్గాయి.

మా బాబుకు ఇచ్చింది ఈ రెండోదే. రోజుకు పది గ్రాముల పిండిపదార్థం. చిన్న కప్పు అన్నంలోనే అంతకు రెట్టింపు పైన ఉంటుంది. అన్నం, చోడి అంబలి, అరటిపండు, బెల్లం అన్నీ బంద్. మొదట ఇచ్చిన చార్టులో చీజ్, ఆలివ్ నూనె, బ్రొకోలీ ఉన్నాయి. మా ఊళ్లో ఎక్కడ దొరుకుతాయండీ? రెండోసారి వెళ్లినప్పుడు ఆ డైటీషియన్ అమ్మాయి నా పక్కన కూర్చుని, మా ఇంట్లో ఏముంటాయో అడిగి మళ్లీ రాసింది. కోడిగుడ్లు, పచ్చి కొబ్బరి, నువ్వుల నూనె, వెన్న, చేపలు, పాలకూర, సొరకాయ. ఆ అరగంటే మా బాబును నిలబెట్టింది.

ఇప్పుడు పొద్దున్నే గట్టు మీద చిన్న ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, కొబ్బరి తురుము ఒక్కో చెంచా వేస్తూ అంకె చూస్తాను. వాడు స్టూలెక్కి "అమ్మా, ఇరవై వచ్చింది" అంటాడు. అంకెలు అలా నేర్చుకున్నాడు. గిన్నెకు అంటుకున్న నూనె కూడా గుడ్డు ముక్కతో తుడిచి తినిపించాలి, అదీ లెక్కలోదే. కీటోన్లు ఎంత ఉన్నాయో చూడటానికి మూత్రంలో ముంచే కాగితం పట్టీ ముదురు రంగుకు తిరిగితే ఆ రోజు నాకు టెన్షన్ ఉండదు. బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు తిని, చిక్కీ పక్కవాడికి ఇచ్చేస్తాడు.

రోజుకు ఇరవై, ముప్పై గీతలు పడిన పుస్తకంలో ఇప్పుడు నాలుగో, ఐదో పడుతున్నాయి. పూర్తిగా పోలేదు. ఒక మందు మాత్రం డాక్టరమ్మ మెల్లగా తీసేశారు.

ఇది బరువు తగ్గడానికి ఫోన్‌లో చూసి చేసే కీటో కాదు. ఓపీలో నాకు కలిసిన విజయనగరం వైపు తల్లి ఒకామె వీడియో చూసి సొంతంగా మొదలుపెట్టింది. పాపకు వాంతులై, ఒళ్లు వాలిపోయి ఆస్పత్రిలో పడింది. కొంతమంది పిల్లలకు పుట్టుకతోనే ఒళ్లు కొవ్వును వాడుకోలేని జబ్బులుంటాయి, వాళ్లకు ఇది ప్రమాదం. ముందు రక్తపరీక్షలు తప్పనిసరి. మలబద్ధకం వస్తుంది, ఎదుగుదల మందగించవచ్చు, కిడ్నీలో రాళ్లు రావచ్చు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ఉన్న జిల్లా మాది, కిడ్నీ మాట వింటేనే గుండె జారిపోతుంది. అందుకే దగ్గరుండి చూసేవాళ్లు కావాలి. ఒకసారి జ్వరానికి మా దగ్గరలో తీపి సిరప్ రాశారు, నేనూ గమనించక పోసేశాను. పట్టీ రంగు వెలిసిపోయింది, రెండో రోజుకు గీతలు పదిహేను దాటాయి. అదే మందు మాత్రగా ఇస్తే సరిపోయేది.

మంత్రి గారూ, పెద్ద భవనం అడగడం లేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఈ తిండి లెక్క తెలిసిన డైటీషియన్‌ను ఒక్కొక్కరిని పెట్టండి. విశాఖ, ఎయిమ్స్ డాక్టర్ల దగ్గర వాళ్లకు శిక్షణ ఇప్పించండి. డాక్టరుతో వీడియోలో మాట్లాడినా సరిపోతుంది, వంట లెక్క మాత్రం మనిషి ఎదురుగా కూర్చుని చెప్పాలి. పట్టీలు, విటమిన్, కాల్షియం మాత్రలు ఆస్పత్రిలోనే ఉచితంగా ఇప్పించండి. నెలనెలా పరీక్షల ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవలో పూర్తిగా వచ్చేలా చూడండి. తీపి సిరప్, గ్లూకోజ్ సెలైన్ డాక్టర్‌ను అడగకుండా ఇవ్వకూడదని రాసిన కార్డు ఒకటి ఈ పిల్లలకు ఇవ్వండి. పిల్లలను వెతకడానికి కొత్త సర్వే కూడా అక్కర్లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో చూసే జబ్బుల జాబితాలో మూర్ఛ ఉంది. రెండు మందులు వాడినా ఆగని పిల్లల పేర్లు అందులోంచి తీయిస్తే చాలు. వాళ్ల అమ్మానాన్నలకు ఈ మాట ఇప్పుడే, మూడేళ్లు పోకముందే, చెవిన వేయించండి.

వచ్చే మంగళవారం మళ్లీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి విశాఖ వెళ్లాలి. ఆయనకు ఆ రోజు కూలి పోతుంది, వాడికి బడి పోతుంది. రైల్లో తినడానికి కొబ్బరి, గుడ్డు తూచి డబ్బాలో సర్దుకుంటాం.

మీరు పెట్టే డైటీషియన్‌కు పనికొస్తుందంటే మా ఊరి తిండితో రాసుకున్న చార్టు, గ్రాముల లెక్కతో సహా, జెరాక్స్ తీయించి ఇస్తాను.

ఇట్లు,
ఆమదాలవలస మండలం నుంచి ఒక తల్లి