ఇంటర్ మెమో టిక్కు పెట్టడానికేనా?

సంపాదకుడు గారికి,

ఇంజినీరింగ్ సీట్ల ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మీద పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఉండబట్టక రాస్తున్నా. ర్యాంకర్ల ఫోటోలు బాగానే వేశారు. ఇంటర్‌లో కష్టపడి మార్కులు తెచ్చుకున్న పిల్లల గురించి ఒక్క ముక్క లేదు.

మా తమ్ముడి మనవరాలు పరకాల దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వెళ్లి సర్కారు కాలేజీలో ఎంపీసీ చదివింది. మ్యాథ్స్ సారు వచ్చిందే దసరా తర్వాత. అయినా వెయ్యికి 951. కోచింగ్ లేదు కాబట్టి ర్యాంకు యాభై వేలు దాటింది. సర్టిఫికెట్ల పరిశీలనకు నేనే తీసుకెళ్లా. మెమో నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని మళ్లీ ఫైల్లో పెట్టి తెచ్చింది పాపం. అక్కడి సారు ‘గ్రూపులో 45 శాతం దాటింది కదా, చాలు’ అని పెన్సిల్‌తో టిక్కు కొట్టి పక్కకు నెట్టేశాడు.

ఇదివరకు ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. కరోనా అని పక్కన పెట్టారు, సరే. 2023లో ఏకంగా ఎత్తేశారు. అదే ఏడు ఆంధ్రలో మళ్లీ పెట్టుకున్నారు. మన తెలంగాణలో మాత్రం మూడు గంటలు, 160 ప్రశ్నలు, అంతే. బాసర ట్రిపుల్ ఐటీకి పదో తరగతి మార్కులు చూస్తారు. దోస్త్‌లో డిగ్రీ సీటుకు ఇంటర్ మార్కులు చూస్తారు. ఇంజినీరింగ్ దగ్గరికి వచ్చేసరికే చేదయ్యాయా?

మార్కులు నమ్మలేమంటారు. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ని, నాకు తెలియదా? ఒకసారి ఒక కాలేజీకి ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్తే ల్యాబులో పరికరాలకు పాలిథిన్ కవర్లు కూడా విప్పలేదు. స్క్రూగేజీ ఎటు పట్టుకోవాలో తెలియని కుర్రాడికి 30కి 29 వేయమని ప్రిన్సిపాల్ గారు టిఫిన్ ప్లేటుతో సహా వచ్చారు. అలాంటివాళ్లను పట్టుకోవాలి గానీ మార్కులనే తీసేస్తారా? ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టుంది. ఏసీ గదుల్లో కూర్చుని జీవోలు రాసేవారి పిల్లలు ఏ సర్కారు కాలేజీలో చదివారో కాస్త చెబితే బాగుండు.

అన్నట్టు, ఆ రోజు తిరుగు ప్రయాణంలో బస్టాపు బోర్డు మీద ర్యాంకుల ఫ్లెక్సీ కట్టి ఉంది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో కనపడక పరకాల బస్సు తప్పిపోయాం. కనీసం ఆ ఫ్లెక్సీనైనా తీయించండి.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, హనుమకొండ