మా దుకాణం ముందు బోర్డును ఎందుకు దించామంటే

మా కొనుగోలుదారులందరికీ నమస్కారం. అనంతపురంలోని మా ఎయిర్ రైఫిల్ దుకాణం ముందు రెండేళ్లుగా వేలాడుతున్న ‘పది మీటర్లలో ఐదు గుండ్లూ ఒకే రంధ్రంలో’ అనే బోర్డును గత వారం దించేశాము. ఒక రైఫిల్‌ను బల్ల మీద ఆనించి చాలాసార్లు కాల్చి, అన్నిటికన్నా బాగా వచ్చిన కాగితాన్నే ఫోటో తీసి ఆ బోర్డు మీద వేయించాము. అది అబద్ధం కాకపోయినా మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. ఇంటి దగ్గర అలా పడకపోయేసరికి, బ్యారెల్ పొట్టిది కావడమే కారణమనుకుని పొడవైనది ఇమ్మని కొందరు తిరిగి వచ్చారు.

కానీ స్ప్రింగు బలంతో కాల్చే రైఫిల్‌లో పిస్టన్ నెట్టిన గాలి, పెల్లెట్‌కు, అంటే ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుండుకు, దక్కే వేగాన్ని దాదాపు అంతా మొదటి జానెడు బ్యారెల్‌లోనే ఇచ్చేస్తుంది. మిగిలిన పొడవు, బ్యారెల్‌ను వంచి స్ప్రింగును బిగించేటప్పుడు చేతికి శ్రమ తగ్గించడానికే ఎక్కువగా పనికొస్తుంది. ముందుగానే గాలి నింపుకునే పీసీపీ రైఫిళ్లలో గాలి చివరిదాకా తోస్తుంది కనుక అక్కడ పొడవుకు విలువ ఉంది. విదేశీ వేటగాళ్లు పలుచని బ్యారెల్ మంచిదా, మందమైనది మంచిదా అని వాదించుకునేది మందుగుండుతో పేలే తూటాల వేడిని బట్టి. వరుసగా కాలిస్తే పలుచని బ్యారెల్ వేడెక్కి గుండ్లు చెదురుతాయి, అయినా వేటలో చల్లని బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి గుండే ముఖ్యం కనుక మోయడానికి తేలికగా ఉండేదాన్నే చాలామంది కోరుకుంటారు. స్ప్రింగు రైఫిల్‌కు ఆ వేడి బాధ లేదు కాబట్టి మందమైన బ్యారెల్‌కు అదనంగా డబ్బు పెట్టవద్దు. ఈ మాట మా గల్లాపెట్టెకు నష్టమే.

గుండ్లు చెదరడానికి మేము ఎక్కువగా చూసిన కారణం పెల్లెట్. డబ్బా మీద 4.5 మి.మీ. అని ఉన్నా తల కొలత 4.49, 4.50, 4.51 అని మారుతుంది. ఒక బ్యారెల్‌కు కుదిరినది అదే మోడల్‌లోని మరో బ్యారెల్‌కు కుదరకపోవచ్చు. ఆ తరువాత చూడవలసింది బ్యారెల్ వంగే చోట ఉన్న బోల్టు వదులు. పట్టు సంగతి సరేసరి: పెల్లెట్ బయటపడకముందే స్ప్రింగు రైఫిల్ ముందుకూ వెనక్కూ కదులుతుంది కాబట్టి, దానిని బిగించి పట్టకుండా ప్రతిసారీ ఒకే తీరుగా మెత్తగా ఆనించుకోవాలి.

ఐదు గుండ్లు అదృష్టం కొద్దీ ఒకచోట పడవచ్చు. అందుకే ఇకమీదట ప్రతి రైఫిల్‌తో పాటు, మీరు కొన్న పెల్లెట్లతోనే మీ ఎదుట పది గుండ్లు కాల్చిన కాగితం ఇస్తాము. సాధారణ రైఫిల్‌కు పది మీటర్లలో అవన్నీ రూపాయి బిళ్లంత మేర పడితే చాలు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే, ఆ పోటీ రైఫిళ్లు వేరు, ధరలూ వేరు. 25 మీటర్లకు వెళ్తే గుండ్లు చెదిరే మేర కనీసం రెండున్నర రెట్లవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలి మన పెల్లెట్‌ను వదిలిపెడుతుందా?

చెనక్కాయ చేలల్లో పందులు పడుతున్నాయని, వాటిని కొట్టే బ్యారెల్ కావాలని అడిగే రైతుల బాధ మాకు తెలుసు. అయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా పందిని కాల్చడం నేరం. నెమలి మాట అటుంచి కౌజు పిట్టను కొట్టినా నేరమే. లైసెన్సు అక్కరలేని ఎయిర్ రైఫిల్ హద్దు 4.5 మి.మీ. గుండు, 20 జౌల్స్ శక్తి. ఆ దెబ్బకు పంది చావదు, గాయంతో తిరుగుతుంది. ఆ పనికని చెప్పి అడిగినవారికి మేము అమ్మము.

బోర్డు చూసి కొన్నవారు రైఫిల్‌ను ఆదివారం ఉదయం తీసుకురండి. బోల్టు బిగించి, మూడు నాలుగు రకాల పెల్లెట్లతో కాల్చి చూస్తాము, దీనికి డబ్బు తీసుకోము. అప్పటికీ పది గుండ్లు రూపాయి బిళ్ల దాటి పడితే రైఫిల్‌ను వెనక్కి తీసుకుంటాము.