శనివారం మ్యాచ్ లేదు, 19న చూద్దాం

అందరికీ నమస్తే. 2020 డిసెంబర్ 12న మిషిగన్ యూనివర్సిటీతో మన ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ రద్దయింది. వాళ్ల టీమ్‌లో కోవిడ్ కేసులు పెరిగాయి. 1918 నుంచి ఒక్క ఏడాదీ తప్పని పోటీ ఇది. చాలా బాధేసింది.

ఊరట ఏంటంటే, ఫైనల్‌కి కనీసం ఆరు మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధనను మన యూనివర్సిటీల లీగ్ బిగ్ టెన్ ఎత్తేసింది. ఐదే ఆడి ఐదూ గెలిచిన మన ఒహాయో స్టేట్ 19న ఇండియానాపొలిస్‌లో నార్త్‌వెస్టర్న్‌తో తలపడుతుంది!

మధ్యాహ్నం 12కి మొదలు. ఎవరి రూమ్‌లో వాళ్లే చూడాలి, జూమ్ లింక్ 11:30కి పెడతాను.

బిర్యానీకి డబ్బులిచ్చినవాళ్లు వెనక్కి కావాలో, 19కి ఉంచాలో శుక్రవారం రాత్రిలోగా చెప్పండి. పార్సిల్ తలుపు దగ్గర పెట్టి ఫోన్ చేస్తాం.

జ్వరం, దగ్గు ఉంటే దాచకండి. మందులు, సరుకులు మేం తెచ్చిపెడతాం.