వెనక వరుస పిల్లల పార్టు గురించి

విజయనగరం

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులతో వ్రాయునది.

వసంతకాలపు కచేరీలో అమెరికాలోని మీ బడి స్ట్రింగ్ ఆర్కెస్ట్రా (తీగ వాద్యాల బృందం) చేత ‘వరవీణా మృదుపాణి’ గీతం వాయింపజేయాలన్న నీ సంకల్పం నాకు ఎంతో సంతోషం కలిగించింది. నువ్వు పంపిన స్కోరును, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట రాసిన ప్రతిని, మొదట మొత్తంగా చదివి, ఆ తరువాత ఒక్కొక్క వాద్యానికి విడిగా రాసిన పార్టునూ అది వాయించబోయే పిల్లల పక్కన కూర్చున్నట్టు ఊహించుకుంటూ విడిగా చదివాను. మొత్తంగా చదివితే అందంగా ఉంది. విడిగా చదివితే మాత్రం పాట అంతా మొదటి వయొలిన్లకే దక్కిందనీ, రెండవ వయొలిన్లకు అక్కడక్కడ ఒక తునక అందిందనీ, వయొలిన్ కంటే కొంచెం పెద్దదైన వయోలా వాయించే పిల్లలు మొదటి బార్ (గీతల మధ్య రాసే ఒక తాళ భాగం) నుంచి చివరి బార్ దాకా రెండే స్వరాల మధ్య తిరుగుతున్నారనీ, అన్నిటికంటే పెద్ద వాద్యమైన బాస్ వాయించే పిల్లలు ఒక్క డి తీగ పట్టుకుని నిలబడిపోయారనీ తెలిసింది. పాట చక్కగా కూర్చావని చెప్పి ఊరుకోవడం నాకు చేతనయ్యేదే. కానీ నువ్వు ఇప్పుడు పిల్లలకు గురువువి, కాబట్టి ఆ వెనక వరుస వాళ్ల గురించి వివరంగా రాస్తున్నాను.

చెన్నైలో నేను సినిమా రికార్డింగులకు వయొలిన్ వాయించిన కాలంలో మా ముందు చేతిరాత పార్టులు పెట్టేవారు. పాట పొడుగునా నిలుపు స్వరాలే వచ్చినా మేము వాయించి లేచేవాళ్లం. అది మా వృత్తి, ఆ స్వరం మొత్తంలో ఎక్కడ కూర్చుంటుందో మాకు తెలుసు. బడిపిల్ల సంగతి వేరు. ఆ పిల్ల వాద్యం ఇంటికి తీసుకెళ్లి తలుపు వేసుకుని సాధన చేసేటప్పుడు ఆర్కెస్ట్రా ఏదీ తోడుండదు, తన పార్టు ఒక్కటే ఉంటుంది. ఆ పార్టులో పాట లేకపోతే ఆ పిల్లకు, పక్క గదిలో వింటున్న తల్లిదండ్రులకు, నెలల తరబడి వినిపించేది రెండు స్వరాలే. వయోలా మానేసి వేరే తరగతికి వెళ్లిపోయే పిల్లలను సోమరులని అనే ముందు, వాళ్ల ముందు మనం ఏ కాగితం పెట్టామో చూసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇందుకు పెద్దల దారి ఉంది. ఇంగ్లండులో రూరల్ మ్యూజిక్ స్కూల్స్ అసోసియేషన్ కోసం స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ 1950లో కన్సెర్టో గ్రోసో అనే, బృందాలు మార్చి మార్చి వాయించే రచన ఒకటి చేశాడు. అందులో వాద్యకారులను మూడు బృందాలుగా విభజించాడు. మొదటిది బాగా వాయించగలవారిది, రెండవది ఎడమ చేతిని తీగ మీద మూడవ పొజిషన్ (చేయి నిలిపే చోటు) దాకా జరపడం వచ్చినవారిది. మూడవది కొత్తగా నేర్చుకుంటున్నవారిది, వేలు పెట్టకుండా ఖాళీ తీగలు మాత్రమే వాయించదలచిన వారికి కూడా అందులో పార్టు ఉంది. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో దాదాపు 400 మంది కలిసి దాన్ని వాయించారు. అంతటి స్వరకర్త ఖాళీ తీగలు మాత్రమే వచ్చినవారిని కూడా లెక్కలోకి తీసుకుని, వాళ్లు ఆగితే వెలితి తెలిసేలా రాశాడన్నది తలచుకున్నప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. మీ దేశంలో చికాగోలో ఉన్నత పాఠశాల ఆర్కెస్ట్రాను నడిపిన మెర్ల్ ఐజాక్ (1898–1996) కూడా తన ఎదుట ఉన్న పిల్లలకు సరిపడే సంగీతం కోసం స్వయంగా కలం పట్టినవాడే. నువ్వు చేయబోతున్నదీ అదే పని.

ఇక పాట విషయానికి వస్తాను. షడ్జమాన్ని పాశ్చాత్యుల డి స్వరం మీద పెట్టడం మంచి నిర్ణయం. ఈ గీతం మోహన రాగంలోది, అందులో మధ్యమ నిషాదాలు లేవు గనుక వయొలిన్ పిల్లలకు ఖాళీ డి తీగ షడ్జం, ఒకటో వేలు రిషభం, రెండో వేలు గాంధారం, ఖాళీ ఎ తీగ పంచమం, దాని మీద ఒకటో వేలు ధైవతం, మూడో వేలు పై షడ్జం అవుతాయి. తొలి ఏడాదిలో నేర్పే వేళ్ల అమరికే ఇది. మనవాళ్లు సరళీ స్వరాలు మొదలుపెట్టే మాయామాళవగౌళను అదే డి మీద రాసి ఉంటే, ఒకటో వేలు వెనక్కి లాగి రెండో వేలు ముందుకు చాపవలసి వచ్చి పిల్లల చేయి బిగుసుకుపోయేది. వయోలా వాళ్లకూ డి, ఎ తీగల మీద వేళ్లు అచ్చంగా ఇవే. అందుచేత వయోలాకు పాట ఇవ్వకపోవడానికి చేతిలో ఏ అడ్డంకీ లేదు. ఆ పార్టు ఆల్టో క్లెఫ్‌లో (వయొలిన్ పార్టుకు భిన్నమైన గుర్తుతో చదివే రాతలో) ఉండటం వల్ల మనకే అది దూరంగా కనిపిస్తుంది. ‘గ గ పా పా, ద ప సా సా’ అన్న మొదటి వరుసను రెండవసారి వచ్చినప్పుడు వయోలాకు ఇచ్చి, వయొలిన్లను మెల్లగా పంచమం మీద నిలిపి ఉంచు. వయోలా నాదం మన ఆడవాళ్ల కింది స్థాయి గొంతుకు దగ్గరగా ఉంటుంది, సరస్వతిని స్తుతించే పాటకు అది ఎంత బాగా నప్పుతుందో నీకే తెలుస్తుంది.

పై రిషభం దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. రెండవ వరుస ‘రి స ద ద పా’ అని పైనుంచి దిగుతుంది. వయొలిన్‌లో ఆ రిషభం ఖాళీ ఇ తీగ కావచ్చు, ఎ తీగ మీద నాలుగో వేలు కావచ్చు. ఖాళీ ఇ తీగ ఒక్కసారిగా కీచుమని పలికి పాట గొంతు మార్చేస్తుంది గనుక అక్కడ 4 అంకె వేసి పెట్టు. వయోలాకు ఇ తీగే లేదు, నాలుగో వేలు తప్పనిసరి. వయోలాకూ బాస్‌కూ నడిమి వాద్యమైన చెల్లోకు అదే స్వరం ఎ తీగ మీద నాలుగో పొజిషన్‌లో ఉంటుంది, ఆరో తరగతి పిల్లలు అక్కడికి ఇంకా చేరి ఉండరు. కాబట్టి చెల్లోకు మొదటి వరుస ఇవ్వు, అందులోని స్వరాలన్నీ మొదటి పొజిషన్‌లోనే దొరుకుతాయి. రెండవ వరుస వచ్చేసరికి పాటను వయోలా చేతికి అప్పగించు. బాస్ తీగలు నాలుగేసి స్వరాల దూరంలో శృతి చేస్తారు, దాని మీద డి షడ్జంగా గాంధారం దాకా డి తీగ, పంచమ ధైవతాలకు జి తీగ సరిపోతాయి. పై షడ్జానికి మాత్రం చేయి మూడో పొజిషన్‌కు జరగాలి. అక్కడ పై షడ్జానికి బదులు ఖాళీ డి రాస్తే ‘గ గ పా పా, ద ప సా సా’ అన్న వరుస బాస్ పిల్లలకు కూడా దక్కుతుంది. పాట అంతటా వద్దు, ఒక్క ఆవర్తం (తాళపు ఒక చుట్టు) చాలు. గదిలో అందరూ మెల్లగా వాయిస్తుండగా బాస్ వాళ్లు పాట వాయించే ఆ ఒక్క ఆవర్తం కోసం వాళ్లు ఏడాదంతా గుర్తుపెట్టుకుని సాధన చేస్తారు.

కమాను సంగతి నువ్వు దాదాపు వదిలేశావు. రూపక తాళపు ఆరు అక్షరాలను 3/4 బార్‌గా రాశావు కదా, మొదటి వరుసలో బార్‌కు నాలుగు స్వరాలు, రెండు చిన్నవి, రెండు పెద్దవి. డౌన్‌బోతో, అంటే కమానును కిందికి లాగుతూ, మొదలుపెడితే నాలుగు కమానులు అయి తరువాతి బార్ మళ్లీ డౌన్‌బోతోనే వస్తుంది. రెండవ వరుసలో బార్‌కు ఐదు స్వరాలు ఉన్నాయి. అలాగే వదిలేస్తే తరువాతి బార్ అప్‌బోతో మొదలై, సగం మంది ఒక వైపు, సగం మంది ఇంకో వైపు లాగుతారు. ‘రి స’ రెండింటినీ ఒకే కమానులో కలుపు, తరువాతి బార్‌లో ‘ద ప’ కూడా అలాగే కలుపు. లెక్క నాలుగుకు వస్తుంది, జారుతున్నట్టు దిగే ఆ పదబంధానికి గాన ధోరణి కూడా వస్తుంది. ఈ గుర్తులు స్కోరులో మాత్రమే పెట్టి పార్టులలో మరచిపోయేవాళ్లను చాలామందిని చూశాను, ప్రతి పార్టులోనూ పెట్టు.

హార్మనీ విషయంలో నీతో నాకు కొంచెం భేదాభిప్రాయం ఉంది. డి మేజర్ పాటగా భావించి జి కార్డు, ఎ కార్డు (కార్డు అంటే కలిపి పలికించే స్వరాల గుంపు) వేశావు. జి కార్డు మధ్యమాన్ని తెస్తుంది, ఎ కార్డు నిషాదాన్ని తెస్తుంది, ఆ రెండూ మోహనానికి చెందనివి. ఆ స్వరాలు వినిపించిన క్షణంలో పాట శంకరాభరణం అంచుల్లోకి వెళ్లిపోతుంది. రాగంలోని ఐదు స్వరాలతోనే పూర్తిగా ఏర్పడే మూడు స్వరాల కార్డులు రెండే, డి మేజర్, బి మైనర్. ఆ రెండింటితోనే పాటంతా నడిపించమని నేను అనను. షడ్జ పంచమాల తంబురా నాదాన్ని చెల్లో, బాస్ ఖాళీ తీగల మీద వంతులవారీగా నిలిపి, కార్డులకు బదులు పాటకు ఎదురు నడిచే రెండో వరుస ఒకటి రాయి. పాట పైకి వెళ్లేచోట అది కిందికి దిగాలి, పాట ఆగినచోట అది కదలాలి. రెండవ వయొలిన్లకు అప్పుడు తమదంటూ ఒక పాట దొరుకుతుంది. రెండు బార్‌ల తరువాత ఇంకో బృందం అదే పాటను ఎత్తుకునే పద్ధతి కూడా ఐదు స్వరాల రాగాల్లో ఎక్కువ ఘర్షణ లేకుండా నిలుస్తుంది, ప్రయత్నించి చెవితో తేల్చుకో.

ఊదే వాద్యాల బ్యాండ్ మాస్టరుగారు కూడా ఇదే పాట అడిగారని రాశావు. వాళ్లకు డి పనికిరాదు. వాళ్ల తొలి పాఠాలు బి ఫ్లాట్‌లో ఉంటాయి కదా అని బి ఫ్లాట్‌లో రాయబోకు. క్లారినెట్‌కు అప్పుడు పై షడ్జం వాళ్లు బ్రేక్ అనే చోటును, అంటే కింది స్థాయి నుంచి పై స్థాయికి మారే చోటును, దాటి పడుతుంది, కొత్త పిల్లలకు అక్కడ వేళ్లన్నీ ఒకేసారి మూయడం కష్టం. ఈ వాద్యాల పార్టులు ఒక్కొక్కటీ వేరు వేరు శృతిలో రాస్తారు గనుక, పియానో లెక్కన ఎఫ్‌లో పెడితే క్లారినెట్‌కూ ట్రంపెట్‌కూ జి, ఆల్టో శాక్సఫోన్‌కు డి, హార్న్‌కు సి షడ్జమవుతాయి, క్లారినెట్ పిల్లలు బ్రేక్ దాటకుండానే పై రిషభం దాకా వాయించగలుగుతారు. కింది షడ్జం దగ్గర చిన్న ట్రంపెట్ పిల్లల నాదం సన్నగిల్లుతుంది గనుక ఆ చోటును బారిటోన్‌లకు అప్పగించు. స్ట్రింగ్స్, బ్యాండ్ కలిపి వాయించే ఆలోచన ఈ ఏడాదికి వద్దని నా సలహా. ఎవరికి అనువైన శృతిలో రాసినా రెండో వారి చేతులు ఇబ్బంది పడతాయి.

కచేరీలో రెండో అంశం కావాలంటే ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) నొట్టుస్వరాల వైపు చూడు. మద్రాసులో కంపెనీవారి బ్యాండ్లు వాయించే వరుసలు విని, శంకరాభరణంలో వాటికి ఆయన సంస్కృత సాహిత్యం కూర్చారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అక్కడే పాశ్చాత్య వయొలిన్ నేర్చి మన సంగీతంలోకి తెచ్చారు, నా చేతిలోని వాద్యం అక్కడి నుంచే మొదలైంది. వాటిలో ‘సంతతం పాహి మాం సంగీత శ్యామలే’ బ్రిటిష్ రాజగీతపు వరుస, అదే వరుసను మీ అమెరికా పిల్లలు తమ దేశభక్తి గీతంగా చిన్ననాటి నుంచీ పాడుతున్నారు. గమకం లేని వరుస కాబట్టి స్టాఫ్ నొటేషన్‌లో (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపిలో) రాస్తే పోయేది ఏమీ ఉండదు, కార్డులు ఎన్ని వేసినా రాగానికి అపచారం జరగదు. నీ హార్మనీ సరదా అంతా అక్కడ తీర్చుకోవచ్చు. ఎ తీగ మీద రెండో వేలు వెనక్కి జరపడం నేర్చిన ఏడో తరగతి పిల్లలకు జి మేజర్‌లో రాయి.

అచ్చు విషయంలో రెండు మాటలు. ప్రతి వరుస మొదట్లో బార్ సంఖ్య వేయి, విరామం లేనిచోట పేజీ తిప్పవలసి రాకుండా చూడు, వయోలా పిల్లలు తక్కువైన ఏడాది కోసం అదే పార్టును వయొలిన్ వాళ్లు చదివే ట్రెబుల్ క్లెఫ్‌లో మూడవ వయొలిన్‌గా కూడా తీసి ఉంచు. పాత గీతాలకు, దీక్షితుల వారి రచనలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. తల్లిదండ్రులు సినిమా పాటలు అడిగితే మాత్రం హక్కుదారుల అనుమతి లేకుండా కలం పెట్టకు. పాట కట్టినవారి శ్రమ మీద నాకు గౌరవం ఉంది, నీకూ ఉండాలి.

మార్చిన స్కోరుతో పాటు ఈసారి వయోలా, బాస్ పార్టులు విడిగా పంపించు. పిల్లల చేత ఒకసారి వాయింపజేసి, వాళ్లు ఎక్కడ తడబడ్డారో పెన్సిలుతో గుర్తు పెట్టి పంపితే ఇంకా మేలు, ఆ చోట్లకు వేళ్లూ కమానూ నేను ఇక్కడి నుంచి రాసి పంపుతాను. అమ్మ నీ ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పమంది.

ఆశీస్సులతో,
నాన్న