చెయ్యి పేర్లు చెయ్యి పట్టుకుని నేర్పండి

ఎడిటర్ గారికి నమస్తే. నర్సింగ్ అయిపోయి జపాన్‌లో కైగొ పనికి, అంటే ముసలివాళ్ళని చూసుకునే పనికి వెళ్దామని జాపనీస్ నేర్చుకుంటున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. 2019 ఏప్రిల్‌లో జపాన్ వాళ్ళు బయటి దేశాల పనివాళ్ళ కోసం స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా తెచ్చారు, 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం కూడా అయింది, బానే ఉంది, కానీ కోచింగ్‌లో నేర్పే పద్ధతే నాకు ఎక్కట్లేదు.

మా క్లాసులో శరీర భాగాలకి ఒక పీడీఎఫ్ పడేసి బట్టీ పట్టమన్నారు, అదీ ఇంగ్లీష్ అక్షరాల్లో. చెయ్యికి టీ, ఈ అని రెండక్షరాలుంటే కొందరు టే అన్నారు కొందరు టీ అన్నారు, అసలది తె. మనకి ఎ, ఒ పొట్టివి విడిగా ఉన్నాయి కదండీ, తెలుగులో రాసిస్తే పోయేదానికి ఇంత తిప్పలెందుకు? బొటనవేలు ఒయయుబి, చూపుడువేలు హితొసషియుబి, మధ్యవేలు నకయుబి, ఉంగరం వేలు కుసురియుబి (కుసురి అంటే మందు, పాతకాలంలో ఆ వేలితోనే మందు కలిపి రాసేవాళ్ళంట), చిటికెన వేలు కొయుబి.

అక్కడ పని మొత్తం చేతుల మీదే. పక్షవాతం వచ్చినాయనకి చొక్కా వేసేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు తియ్యాలి, దీన్ని చక్కన్ దక్కెన్ అంటారు. అప్పుడు తెకుబి అంటే మణికట్టు, హిజి అంటే మోచెయ్యి, ఈ రెండిటినీ పైనుంచి గుంజకుండా కిందనుంచి ఆనించి పట్టుకోవాలి. గోళ్ళకి త్సుమె. వాటికి గానీ చుట్టూ చర్మానికి గానీ ఏ తేడా లేకపోతే, షుగర్ లాంటి జబ్బు వల్ల ప్రత్యేకంగా చూడాల్సిన అవసరం లేకపోతే, కైగొ వాళ్ళే కత్తిరించొచ్చని 2005లో అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. ఆ పెద్దాయన "ఒయయుబినొ త్సుకెనె" నొప్పి అంటే బొటనవేలి మొదట్లో నొప్పని మనకి ఠక్కున తెలియాలి, పీడీఎఫ్ తీసి వెతుక్కుంటామా? జేఎల్‌పీటీ అనే జాపనీస్ భాష పరీక్షలో మాట్లాడే పరీక్షే లేదు కాబట్టి సెంటర్ల వాళ్ళకి ఇది పట్టదు.

ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒకరి చెయ్యి ఇంకొకరు పట్టుకుని, ముట్టుకున్న చోటు పేరు చెప్పించండి, ఒక చొక్కా తెచ్చి వేయించండి విప్పించండి, పెద్ద ఖర్చేం కాదు. మీ చదువుల పేజీలో కూడా వీలైతే ఒక చెయ్యి బొమ్మ వేసి పేర్లు తెలుగు లిపిలో ఇవ్వండి సార్, ఇంగ్లీష్ స్పెల్లింగ్ మాత్రం వద్దు.

- ఒక నర్సింగ్ అమ్మాయి, కరీంనగర్